ఎర్రగుడ్డ కట్టేదాకా

నాగదుర్గకి నాలుగేళ్ళపాటు ఒకటే కోరిక. సత్తిబాబు తన చెరువు గట్టు మీద నిలబడి ఏడవాలి, అది తను చూడాలి. ఎవరో చూసొచ్చి చెబితే చాలదు. దేవుడే శిక్షించాడని తరవాతెప్పుడో తెలిస్తే అస్సలు చాలదు. దేవుడు తొందరపడి ఆ పని ముందే చేసేస్తాడేమో, తనకి దక్కకుండా పోతుందేమోనని ఆమెకి భయంగా కూడా ఉండేది. సత్తిబాబుకి జ్వరమొచ్చిందని విన్నప్పుడల్లా కంగారుపడేది.

ఇలాంటి కోరిక ఉన్న మనిషి గురించి రాసేటప్పుడు చివర్లో మనసు మారినట్టు రాయడం మనకి అలవాటు. నాగదుర్గ మనసు మారలేదు. మారి ఉంటే అడవిపొలం ఊరి వెనక గోదావరి పాయ పొడుగునా ఇవాళ అందరూ పాటిస్తున్న నియమం ఉండేది కాదు.

ఆమెకిప్పుడు నలభై ఎనిమిదేళ్ళు. పుట్టింది అడవిపొలంలో, కాపురమూ అక్కడే. పుట్టింటికీ మెట్టినింటికీ మధ్య రెండు వీధులు. పెళ్ళయిన కొత్తలో తట్ట నెత్తిన పెట్టుకుని యానాం బజారుకి చేపలు మోసింది. మొగుడు చిన్నారావు వేటకి వెళ్ళేవాడు. వేటలో చేప తగ్గి, చుట్టూ రొయ్యల చెరువులు పెరిగాక ఇద్దరూ కలిసి పాయ ఒడ్డున ఎకరన్నర చెరువు కౌలుకి తీసుకున్నారు. చిన్నారావుకి పారే నీళ్ళు తెలుసు గానీ నిలబెట్టిన నీళ్ళు తెలియవు. ఆ విద్య పట్టుకున్నది నాగదుర్గే. మేత పళ్ళెం పైకి లాగి, ఒక రొయ్యని ఎండకెత్తి పట్టుకుని, పేగు నిండిందో లేదో చూసి ఈ పూట మేత ఎంత వెయ్యాలో చెప్పేది. చుట్టుపక్కల చెరువులవాళ్ళు కూడా తమ రొయ్యని తెచ్చి ఆమెకి చూపించుకునేవారు.

ఆ పాయకి ఇవతలి గట్టు యానాం, అంటే పాండిచ్చేరి. అవతలి గట్టు ఆంధ్రా. నీళ్ళకి ఈ సంగతి తెలియదు. పోటెక్కినప్పుడు రెండు గట్లవాళ్ళూ మోటార్లు పెట్టి అదే పాయలోంచి తోడుకుంటారు, వదిలేటప్పుడు అందులోకే వదులుతారు. తెల్లమచ్చ అనే రోగం ఒక చెరువుకి తగిలితే రెండుమూడు రోజుల్లో రొయ్యంతా పోతుంది. ఆ చెరువు నీళ్ళు పాయలో కలిస్తే, వాటిని తోడుకున్న చెరువులకీ పట్టుకుంటుంది. అందుకని అక్కడ ఒక పద్ధతి ఏర్పడింది. రోగం కనబడగానే రైతు తన తూము దగ్గర వెదురుకర్రకి ఎర్రగుడ్డ కడతాడు. అది చూసి మిగతావాళ్ళు రెండు వారాలు మోటార్లు వెయ్యరు. ఆ రైతు రొయ్య పట్టేసి, నీళ్ళకి బ్లీచింగ్ కొట్టి, రోగం చచ్చేదాకా ఆపి, అప్పుడు తూము ఎత్తుతాడు.

గుడ్డ కట్టడం సులువైన పని కాదు. అది లేచిందంటే కొనడానికొచ్చిన కంపెనీ మనిషి దూరం నుంచే చూసి రేటు కోసేస్తాడు. అయినా కట్టేవారు. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తులేదు.

సత్తిబాబు అసలు పేరు వీరవెంకటసత్యనారాయణ. తాళ్ళరేవు వైపు నుంచి వచ్చి అవతలి గట్టున పద్దెనిమిది ఎకరాలు చేసేవాడు. గొప్ప భక్తుడు. పంట పంటకీ అన్నవరం వెళ్ళి వ్రతం చేయించుకుని, తిరిగొచ్చి రెండు గట్లకీ ప్రసాదం పంచేవాడు. చెరువు పాక గోడ నిండా మంచిమాటల ఫ్లెక్సీలు. నాలుగేళ్ళ కిందట మాఘమాసంలో అతని చెరువుకి తెల్లమచ్చ తగిలింది. గుడ్డ కట్టలేదు. దూరం నుంచి కూలీల ముఠాని పిలిపించుకుని, రొయ్య పట్టేసి, తెల్లారకుండానే తూమెత్తి నీళ్ళు వదిలేశాడు.

పొద్దున్న ఆరింటికి నాగదుర్గ తన చెరువు దగ్గరకి వచ్చింది. పోటు ఎక్కుతోంది. రోజూ చూసినట్టే అవతలి తూముల వైపు చూసింది. వెదురుకర్రలన్నీ ఖాళీగా ఉన్నాయి. మోటారు వేసింది. ఆమె చేసిన పొరపాటల్లా ఇదే: గుడ్డ లేదు కాబట్టి రోగం లేదనుకుంది. బాగా వెలుగొచ్చాక చూస్తే సత్తిబాబు చెరువు అడుగు బురద కనబడుతోంది. మోటారు ఆపింది గానీ అప్పటికే గంటన్నర నడిచింది.

అయిదో రోజున రొయ్య అంచులకి చేరింది. ఏడో రోజుకి గట్టు వెంబడి తెల్లగా పేరుకుంది. పక్కవాళ్ళవి ఇంకో నాలుగు చెరువులు పోయాయి. చచ్చిన రొయ్యని తట్టలతో ఎత్తి గోతిలో పోస్తూ చిన్నారావు నడుం పట్టేసి కూలబడ్డాడు. ఆ నడుం మళ్ళీ సరిగ్గా నిలబడలేదు.

రామాలయం అరుగు మీద పెద్దల్ని కూర్చోబెట్టారు. సత్తిబాబు తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు.

"గుడ్డ ఎందుకు కట్టలేదండీ?" అని అడిగింది నాగదుర్గ. అప్పటికి అతనికింకా 'అండీ' దక్కుతోంది.

"కట్టాలని ఎక్కడ రాసుందక్కా? కాగితమేదైనా ఉంటే చూపించు, ఇక్కడే తప్పొప్పుకుంటాను."

"రాసుండాలేంటండీ? పోయినేడు మా చెరువు మీద గుడ్డ చూసి మీరూ మోటారాపుకున్నోరే కదా."

"అది మీ మంచితనం. కాదన్నానా? నా రొయ్యకి రోగమని నీకెవరు చెప్పారు? సైజొచ్చింది, పట్టాను."

పెద్దల్లో ఒకాయన గొంతు సవరించుకున్నాడు. "పోనీలేమ్మా. ఎవరి ఖర్మ వాళ్ళది. పైవాడు చూస్తూనే ఉంటాడు."

"ఆయన చూస్తానే ఉన్నాడండీ. రొయ్యే పోయింది."

కొందరు నవ్వారు. సత్తిబాబు కూడా నవ్వాడు. నాగదుర్గ ఆ నవ్వు మర్చిపోలేదు.

ఇవతలి మత్స్యశాఖ ఆఫీసుకి వెళ్తే, తూము అవతలి గట్టుది కాబట్టి తమ చేతుల్లో లేదన్నారు. అవతలి ఆఫీసుకి వెళ్తే, చెరువు ఇవతలి గట్టుది కాబట్టి అక్కడే అడగమన్నారు. ఇద్దరూ మర్యాదగానే చెప్పారు. టీ కూడా ఇచ్చారు.

నిజానికి సత్తిబాబు అడిగింది తెలివితక్కువ ప్రశ్న కాదు. గుడ్డ కట్టాలని ఎక్కడా రాసి లేదు. మంచీచెడూ ఎక్కడినుంచి వచ్చాయంటే ఆకాశంకేసి చూపించేవాళ్ళున్నారు, తల్లి ఒడికేసి చూపించేవాళ్ళున్నారు. సత్తిబాబుకి ఆకాశంతో సంబంధాలు బాగానే ఉన్నాయి. వాళ్ళమ్మ కూడా చాలా మంచి మనిషని తాళ్ళరేవులో చెబుతారు. అతనికి లేనిదల్లా, తప్పితే ఏమవుతుందోనన్న జంకు. ఆ జంకు దానంతటది పుట్టదు. ఎవరో ఒకరు పూనుకుని, ఏళ్ళ తరబడి కాచుకుని దాన్ని తయారుచెయ్యాలి. దయగలవాళ్ళ వల్ల అయ్యే పని కాదది. వాళ్ళు మూడో నెలకల్లా మర్చిపోతారు.

చెరువు పోయాక నాగదుర్గ పట్టుబడి ముఠాలో చేరింది. రొయ్య పట్టే రోజున వల లాగే మగవాళ్ళూ, గట్టు మీద ఏరే ఆడవాళ్ళూ కలిసి ఒక ముఠా. చచ్చినదీ మెత్తబడినదీ పక్కకి తీసేసి, మంచిదాన్ని ఐసులోకి పంపడం ఏరేవాళ్ళ పని. రెండేళ్ళలో ఆమె ఆ ముఠాకి మేస్త్రి అయింది. సత్తిబాబు చెరువులకీ వెళ్ళేది. ఎనిమిది పంటలు తన చేత్తో ఏరింది.

"చూశావా అక్కా, పాత సంగతులు మనసులో పెట్టుకుంటే మనిషి బాగుపడడు" అనేవాడు అతను, ప్రసాదం చేతిలో పెడుతూ.

"అవునండీ" అనేది. ఆ ప్రసాదం కొంగున కట్టుకుని ఇంటికి తీసుకెళ్ళి కోళ్ళకి వేసేది.

ముఠాలో ఆమె పక్కన నిలబడి ఏరేది తెరేసా. ప్రతి ఆదివారం పూజకి వెళ్ళొచ్చే మనిషి. ఒకసారి మెల్లగా చెప్పి చూసింది.

"క్షమించేస్తే నీకే మనశ్శాంతి దుర్గా. ఫాదర్‌గారు ఎప్పుడూ అదే చెప్తారు."

"ఫాదర్‌గారికి చెరువుందా?"

"లేదు."

"అయితే ఆయనకి ఎల్లాగున్నా శాంతే."

తెరేసా నవ్వింది. గోతిలో రొయ్య పోసిన రోజున ఆమె కూడా తట్టలు మోసింది.

నాలుగేళ్ళలో నాగదుర్గ చేసిన అసలు పని వేరే ఉంది. ఆ పాయ మీద పనిచేసే ముఠాలు మొత్తం నాలుగు. మిగతా మూడు ముఠాల మేస్త్రుల ఇళ్ళకి పెళ్ళికీ పురిటికీ వెళ్ళింది, జబ్బు చేస్తే ఆస్పత్రిలో కూర్చుంది. అగ్రహారం ముఠా మేస్త్రి బుల్లబ్బాయికి ఒక రైతుతో తగువొచ్చి అతను పని మానేస్తే, ఆ రైతు ఎంత బతిమాలినా నాగదుర్గ తన ముఠాని పంపలేదు. ఆ తరవాత బుల్లబ్బాయి దగ్గరకి వెళ్ళి సూటిగా అడిగింది.

"ఏదో ఓ రోజు సత్తిబాబు గట్టు మీద నేను కూర్చుంటాను తమ్ముడూ. నీకు ఫోనొస్తాది. రావొద్దు."

"రెట్టింపిస్తానంటాడు కదక్కా."

"అంటాడు. ఆడి తూము కాణ్ణుంచి లెక్కేస్తే మీ బావమరిది చెరువు ఎన్నోది?"

బుల్లబ్బాయి మనసులో గట్టు వెంబడి నడిచి చూసుకున్నాడు. "మూడోది."

"మరింకేంటి."

మిగతా ఇద్దరితోనూ ఇదే మాట. ఒకరికి అన్న చెరువు, ఒకరికి అల్లుడి చెరువు. న్యాయం గురించి ఎవరికీ ఉపన్యాసం ఇవ్వలేదు. ఎవరికి ఎక్కడ నొప్పి పుడుతుందో అక్కడ వేలు పెట్టింది.

ఈ ఏడు చైత్రంలో ఎండలు మండిపోతుండగా ఉన్నట్టుండి వాన పడింది. మూడో రోజు పొద్దున్న ఎనిమిదింటికి సత్తిబాబు ఫోన్ చేశాడు. "అక్కా, అర్జంటు. ముఠాని తీసుకుని వచ్చెయ్యి. కంపెనీ వాన్ పదింటికి వస్తోంది."

ఆటోల్లో వంతెన దాటి వెళ్ళారు, ఆమె కాక పద్నాలుగు మంది. గట్టెక్కగానే నాగదుర్గకి తెలిసిపోయింది. రొయ్య అంచులకి చేరి మత్తుగా తిరుగుతోంది. ఒకదాన్ని పట్టుకుని తలపెంకు కింద చూసింది. తెల్లమచ్చలు. తూము దగ్గర వెదురుకర్ర ఖాళీగా ఉంది.

ఆమె గట్టు మీద కూర్చుంది. వెనకే మిగతావాళ్ళూ కూర్చున్నారు.

సత్తిబాబు గుడి నుంచి తిన్నగా వచ్చినట్టున్నాడు. నుదుట కుంకుమ, భుజాన ఎర్ర కండువా. "కూర్చున్నారేంటక్కా? దిగండి."

"గుడ్డ కట్టలేదు సత్తిబాబూ."

'అండీ' ఊడిపోవడం అతను గమనించాడు. "కడతాలే. ముందు పని కానివ్వు."

"కట్టు. కడితే దిగుతాం."

"ఏంటి, పాత పగా?" అన్నాడు నవ్వుతూ.

"పగే."

పగా అని అడిగితే ఎదుటివాళ్ళు అబ్బే కాదంటారు, అక్కడినుంచి మాటలతో నెగ్గుకురావచ్చు. ఒప్పేసుకునేవాళ్ళతో అతనికి అలవాటు లేదు.

పక్కకి వెళ్ళి బుల్లబ్బాయికి ఫోన్ చేశాడు. అవతలి గొంతు గట్టు మీదున్న అందరికీ వినబడింది.

"జొరమండీ."

"ఎవరికి?"

"ముఠాకండీ."

"ముఠా మొత్తానికా?"

"మొత్తానికేనండీ. ఆయ్."

మిగతా ఇద్దరు మేస్త్రులూ ఫోన్ ఎత్తలేదు. దూరం నుంచి ముఠా రావాలంటే మధ్యాహ్నం దాటుతుందన్నారు. చివరికి చిన్నారావుకి చేశాడు. "మీ ఆవిడకి నువ్వైనా చెప్పవయ్యా."

"వచ్చి చెప్దునండీ" అన్నాడు చిన్నారావు. "నడుం లేవట్లేదు."

తొమ్మిదిన్నరకి మొదటి రొయ్యలు వెల్లకిలా పడ్డాయి. సత్తిబాబు గట్టు మీద అటూ ఇటూ తిరిగాడు. రెట్టింపు కూలి అన్నాడు. మూడింతలన్నాడు. ఎవరూ లేవలేదు. అప్పుడు పాపపుణ్యాలు బయటికి తీశాడు.

"నోరులేని ప్రాణులక్కా. కళ్ళెదుట చస్తున్నాయి. ఇది ధర్మమేనా?"

"బతికితే మాత్రం ఎక్కడికెళ్తాయండీ, ఇగురులోకే కదా" అంది తెరేసా. వల లాగేవాళ్ళు పగలబడి నవ్వారు. సత్తిబాబుకి నవ్వు రాలేదు.

పదిన్నరకి వాన్ వచ్చింది. కంపెనీ మనిషి దిగి, కూర్చున్న ముఠాని, ఖాళీ కర్రని, సత్తిబాబు మొహాన్ని వరసగా చూశాడు. గుడ్డ అవసరం లేకుండానే అతనికి సంగతి అర్థమైపోయింది. ఇక దాచుకోవడానికేమీ మిగల్లేదు. సత్తిబాబు కాపలావాణ్ణి కేకేసి, భుజం మీది కండువా తీసి ఇవ్వబోయాడు.

"నువ్వు కట్టు" అంది నాగదుర్గ.

అతను చెప్పులు విప్పి, తెల్లపంచె ఎగగట్టి, మోకాళ్ళదాకా బురదలో దిగి, వెదురుకర్రకి కండువా కట్టాడు. రెండుసార్లు ముడి జారిపోయింది. ఎదుటి గట్టు మీద జనం చేరి చూస్తున్నారు. పాయ పొడుగునా నడుస్తున్న మోటార్లు ఒక్కొక్కటే ఆగాయి.

ఇప్పుడు నాగదుర్గ లేవాలి. లేవలేదు.

నాలుగేళ్ళూ ఆమె ఇక్కడిదాకానే ఆలోచించింది. అతను బురదలో దిగాడు, తలొంచాడు. కానీ ఏడవలేదు. చెరువులో ఇంకా సగం రొయ్య బతికే ఉంది. ఇంకో గంట ఇలాగే కూర్చుంటే అదీ పోతుంది. ఆమెకి కావలసింది ఆ గంటే.

"లే" అంది తెరేసా.

"ఇంకో గంట."

"కడితే దిగుతామన్నాం."

"నేనన్నాను."

"నువ్వంటే మేం కాదా? ఇంతమందిమీ ఎండలో నీ మాట మీద కూర్చున్నాం. గుడ్డ కట్టినోడికీ పోయి, కట్టనోడికీ పోతే రేపు ఎవడు కడతాడే? మా అన్న చెరువుకి రోగమొస్తే ఏ మొహంతో కట్టమంటాను?"

"మా రొయ్య గోతిలో పోశాం తెరేసా."

"నాకు తెల్దా? నేను మొయ్యలేదా?"

తెరేసా చీర దోపుకుని గట్టు దిగిపోయింది. వెనక వల లాగేవాళ్ళు లేచారు. ఆ తరవాత ఒక్కొక్కరూ. ఎవరూ మేస్త్రి మొహం చూడలేదు. పద్నాలుగు మందీ పనిలో పడ్డారు. గట్టు మీద నాగదుర్గ ఒక్కతే మిగిలింది.

ఈ కథ చెప్పేవాళ్ళు సాధారణంగా ఈ చోటు దాటేస్తారు. నియమం పుట్టింది ఆమె పగలోంచే, అందులో అనుమానం లేదు. కానీ ఆ పగకి తోడు కూర్చున్నవాళ్ళకి తమ తమ చెరువులున్నాయి, అన్నలున్నారు, బావమరుదులున్నారు. పగ తీరేదాకా వాళ్ళు ఆగలేదు. ఆమె చేతిలోంచి దాన్ని లాక్కుని వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచి రెండు గట్లా, గుడ్డ లేకుండా ఏ ముఠా రోగపు చెరువులో దిగలేదు. గుడ్డ కట్టాక ఏ ముఠా ఆలస్యం చెయ్యలేదు. ఇప్పటికి మూడు గుడ్డలు లేచాయి. పర్యావరణం పేరుతో ఎవరో వచ్చి సన్మానం చేస్తామంటే, "దేనికండీ? ఆడు ఏడిస్తే చూద్దామని కూర్చున్నాను" అందట. శాలువా కొనడం మానుకున్నారు.

ఆ రోజు ఆమె పావుగంట ఒంటరిగా కూర్చుంది. తరవాత లేచి, కొంగు బిగించి, రొయ్య ఏరడానికి పరిచిన పట్టా దగ్గరకి వచ్చి తెరేసా పక్కన నిలబడింది. చెరువులోంచి మొదటి గంప వచ్చి పట్టా మీద పడింది.

ఏరేవాళ్ళకి ఒక చిన్న స్వతంత్రం ఉంటుంది. అటో ఇటో తేలని రొయ్య ప్రతి గంపలోనూ కొంత వస్తుంది. కాస్త మెత్తబడిందీ, రంగు తిరుగుతున్నదీ. రైతు మంచివాడైతే దాన్ని చూసీ చూడనట్టు మంచి కుప్పలోకి తోసేస్తారు. సత్తిబాబు చెరువులో ఎనిమిది పంటలూ నాగదుర్గ అలాగే తోసింది.

ఆ రోజు తొయ్యలేదు. ఒక్కొక్కదాన్నీ ఎత్తి, వేలితో నొక్కి, అనుమానం ఉన్నదల్లా అవతలికి విసిరింది. తప్పు చెయ్యలేదు, మంచిదాన్ని ఒక్కదాన్నీ పారెయ్యలేదు. కంపెనీ మనిషి వచ్చి చూసి, ఇంత శుభ్రంగా ఏరిన సరుకు ఈ మధ్య చూడలేదన్నాడు. పారేసిన కుప్ప మంచి కుప్పని మించి పెరిగింది.

సత్తిబాబు బురదకాళ్ళతో వచ్చి కుప్ప పక్కన గొంతుక్కూర్చున్నాడు. అందులోంచి ఒక రొయ్యని తీశాడు.

"అక్కా, ఇది బతికే ఉంది."

"కదిలితే చెప్పు" అంది నాగదుర్గ.

అతను దాన్ని అరచేతిలో పెట్టుకుని చూశాడు. వేలితో తోకని తట్టాడు. మళ్ళీ తట్టాడు. కాసేపటికి అతని గడ్డం వణికింది. భుజాన కండువా లేదు కాబట్టి మొహం దాచుకోవడానికి ఏమీ దొరకలేదు. తెరేసా తల పక్కకి తిప్పుకుంది. నాగదుర్గ తిప్పుకోలేదు. చేతిలో రొయ్య చేతిలోనే ఉంచుకుని, అతను ఆపేదాకా చూసింది. ఆ తరవాత తరవాతి గంప తెమ్మని కేకేసింది.